పది సెంట్లతో మొదలైన పరపతి సంఘము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

  

మన గ్రంథాలయమునకు ఇరువది ఐదు వత్సరములు నిండిన ఈ శుభసమయమున నన్ను కూడ నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు ఆజ్ఞాపించిరి. కావ్యములను గూర్చి చెప్పుటకు పండితులున్నారు. నేను లెక్కలు వ్రాయువాడను. బడిలో చదివినది స్వల్పము. భారత భాగవతములను ఈ బల్లల యొద్దనే కూడబలుకుకొని నేర్చుకొంటిని. కావున నాకు తెలిసిన అప్పును, పొదుపును, పరపతిని గూర్చియే విన్నవింతును. విషయము శుష్కమని తలంపవలదు. గ్రంథాలయము పుస్తకమును ఎరవిచ్చును. పరపతి సంఘము పైకమును ఎరవిచ్చును. తిరిగి వచ్చుటయే రెండింటికిని ప్రాణము. తీసికొనిపోయిన పుస్తకమును ఒకడు తిరిగి ఈయనిచో నష్టపడువాడు గ్రంథపాలకుడు కాడు. దానికొరకు వేచియున్న తరువాతి చదువరి. పైకము మాటయు అంతే.

అరణ్యపర్వమున సుఖపడువాడెవడని యక్షుడు ప్రశ్నింపగా, అప్పు లేక, పరదేశవాసము లేక, తన యింట కూరాకు వండుకొని తినువాడని ధర్మరాజు చెప్పెను. అది ఉత్తమాదర్శము. కాని సేద్యగానికి అప్పు లేక గడచుట అరుదు. విత్తు వేయునది తొలకరిని. ధాన్యము ఇల్లు చేరునది పుష్యమాసమున. ఈ నడుమ ఎరువు కావలెను, కూలి కావలెను, ఇంటిల్లిపాదికి గ్రాసము కావలెను. కావున అప్పు చేయవచ్చునా కూడదా యను ప్రశ్న మనకు చెల్లదు. ఎవరియొద్ద, ఏ వడ్డీకి, ఏ పనికి అనునదియే ప్రశ్న.

ఒక లెక్క వినుడు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి 10,000 రూపాయలు తెచ్చి, ఏటేట వడ్డీని అసలులో కలిపి నోటు తిరుగవ్రాసినచో, మొదటి యేటికి 13,600, రెండవ యేటికి 18,496, మూడవ యేటికి 25,154 రూపాయలగును. మూడేండ్లలో అప్పు రెండున్నర రెట్లాయెను. బజారులలో నూరు రోజుల ఫైనాన్సు అను మరియొక పద్ధతి కలదు. 10,000 అని వ్రాసికొని, 1,000 ముందే కోసికొని, 9,000 చేతికిచ్చి, దినమునకు 100 చొప్పున నూరు దినములు వసూలు చేయుదురు. వేయి రూపాయలే గదా యని పుచ్చుకొన్నవాడు తలంచును. కాని అసలు దినదినము తీరుచునే యుండును గనుక, లెక్క కట్టి చూచినచో అది సాలునకు నూటికి 75 రూపాయలకు మించిన వడ్డీ. అదే 10,000 రూపాయలను నూటికి నెలకు ఒక రూపాయి చొప్పున ఇచ్చి, పది నెలవాయిదాలలో రాబట్టి, మిగిలియున్న అసలుమీదనే వడ్డీ కట్టినచో మొత్తము వడ్డీ 550 రూపాయలు మాత్రమే. ఈ తేడాలోనే ఎన్నియో కుటుంబముల భూములు నిలిచినవి, పోయినవి.

ఈ బాధ మనకు మాత్రమే కలిగినది కాదు. జర్మనీ దేశమున ఫ్రెడరిక్ రైఫైజన్ అను గ్రామాధికారి, కరవులోను అప్పులలోను కూరుకొనిన రైతులను చూచి, మొదట ధనికుల దానముతో వారిని ఆదుకొనజూచెను. దానము ఎల్లకాలము సాగదని అనుభవమున గ్రహించి, 1864లో హెడ్డెస్‌డార్ఫు గ్రామమున రైతులే సభ్యులుగా, ఒకరికొకరు పూచీగా పరపతి సంఘమును స్థాపించెను. ఒంటరిగా నిలిచిన పేదవానికి బజారులో పరపతి లేదు. పదిమంది పేదలు కలిసి పూచీపడినచో పరపతి పుట్టును. ఇదియే ఆయన కనుగొనిన సూక్ష్మము.

నేడు నేను ముఖ్యముగా చెప్పదలచినది కెనడా దేశమున, క్విబెక్ రాష్ట్రమందలి లేవీ అను చిన్న పట్టణపు సంఘమును గూర్చి. సెయింట్ లారెన్స్ నదికి ఒక గట్టున క్విబెక్ నగరము, ఎదుటి గట్టున లేవీ. అచ్చటివారు ఫ్రెంచి మాటలాడువారు. ఆ యూర 1854లో జన్మించిన అల్ఫోన్స్ డెజార్డిన్ మొదట పత్రికారచయిత. 1892 మొదలు ఒట్టావాలోని పార్లమెంటులో ఫ్రెంచి ఉపన్యాసములను వ్రాసికొను ఉద్యోగి. 1897 ఏప్రిల్ నెలలో ఒక సభ్యుడు అధికవడ్డీలను నిషేధింపగోరుచు సభలో ఒక ఉదాహరణము చెప్పెను. మాంట్రియల్ నగరమున 150 డాలర్లు అప్పు తెచ్చినవాడు 5,000 డాలర్ల వడ్డీ చెల్లింపవలసి వచ్చినదట! అసలునకు ముప్పదిమూడు రెట్లకు మించిన వడ్డీ. ఇతరులు విని మరచిరి. ఆ మాటలను వ్రాసికొనుటయే పనిగా గల డెజార్డిన్ మాత్రము మరువలేకపోయెను.

ఆయన వెంటనే సంఘము పెట్టలేదు. ముందు చదివెను. పార్లమెంటు గ్రంథాలయమున హెన్రీ వుల్ఫ్ అను ఆంగ్లేయుడు ప్రజాబ్యాంకులను గూర్చి వ్రాసిన గ్రంథమును చదివి, ఆ గ్రంథకర్తకే లేఖలు వ్రాసెను. ఇటలీ, ఫ్రాన్సు మొదలగు దేశముల సహకారులకును లేఖలు వ్రాసి, వారి నిబంధనలను తెప్పించుకొని, మూడేండ్లకు పైగా పరిశీలించెను. రజతోత్సవ సభలోని మనకు ఇది గర్వకారణము: ఒక గొప్ప ఉద్యమము గ్రంథాలయపు బల్లమీద మొలకెత్తినది.

1900 డిసెంబరు 6వ తేదీ రాత్రి లేవీలో నూటికి పైగా పౌరులు సమావేశమై నిబంధనలపై చేవ్రాలు చేసిరి. సంఘమునకు ‘కేస్ పొప్యులేర్’ అని పేరిడిరి. ప్రజల డబ్బుపెట్టె యని దాని భావము. 1901 జనవరి 23న పెట్టె తెరచిరి. మొదట పడిన సొమ్ము పది సెంట్లు, అనగా డాలరులో పదియవ వంతు. ఆనాటి మొత్తము వసూలు 26 డాలర్ల 40 సెంట్లు. ఈ సొమ్ముతో బ్యాంకా యని నవ్వినవారు లేకపోలేదు. చీమలు ఒక్కొక్క రేణువే మోసి పుట్ట పెట్టునని నవ్వినవారికి గుర్తు రాలేదు.

ఆ సంఘపు కట్టుబాట్లను కొంచెము నిదానముగా చూతము. ఒక వాటా 5 డాలర్లు. ఒక్కసారి చెల్లింపలేనివాడు వారమునకు పది సెంట్లు చొప్పున చెల్లింపవచ్చును. ఏబది వారములలో, అనగా ఏడాది తిరుగకముందే, కూలివాడు కూడ పూర్తి వాటాదారు డగును. వాటాలు ఎన్ని యున్నను మనిషికి ఒక్కటే ఓటు. అప్పు సభ్యులకే; అదియు వాని నడవడిని, అప్పు తీసికొను పనిని విచారించి ఇత్తురు. పెద్ద అప్పునకును చిన్న అప్పునకును పోటీ వచ్చినచో చిన్నదానికే ప్రాధాన్యము. తీర్చుట వాయిదాల మీద. పాలకవర్గము వేరు, అప్పు మంజూరు చేయు వర్గము వేరు, లెక్కలు తనిఖీ చేయు వర్గము వేరు. మంజూరు చేయువారును తనిఖీ చేయువారును తాము సంఘమున అప్పు పుచ్చుకొనరాదు. లెక్కలు వ్రాయువాడనుగా చెప్పుచున్నాను. ఈ ఒక్క నిబంధన వేయి తాళములకు సమానము. తాళపుచెవి చేత గలవాని చేతికి పెట్టెలోని సొమ్ము అందరాదు.

సభ్యుల కందిన సేవ లేమనగా: ఎంత చిన్న మొత్తమైనను భద్రముగా దాచుకొనుటకు చోటు, దానిపై వడ్డీ, రోగమో, పనిలేమియో, పనిముట్ల కొనుగోలో వచ్చినప్పుడు న్యాయమైన అప్పు, ఏటేట లాభములో వాటాపై ప్రతిఫలము, కష్టకాలమునకై నిలువ నిధి. ఒక్క సెంటు కూడ అప్పులలో మునుగలేదని డెజార్డిన్ పలుమారు చెప్పుకొనెను. అచ్చటివారందరు సత్యహరిశ్చంద్రులా? కాదు. అప్పు పుచ్చుకొన్నవాడు ఆ సొమ్ము తన పొరుగింటి విధవరాలు పది సెంట్లు చొప్పున కూడబెట్టినదని ఎరుగును. ప్రతి ఆదివారము ఆమెను చర్చివాకిట చూడవలెను. ఆ చూపే పెద్ద పూచీ.

ఇంతటి కథలో ఒక ఇల్లాలి పేరు మరువరాదు. భర్త నెలల తరబడి ఒట్టావాలో నుండగా, పదిమంది బిడ్డల తల్లియైన డోరిమేన్ డెజార్డిన్ సంఘమును నడపెను. ఇల్లే కార్యాలయము. సొమ్ము పుచ్చుకొనుట, లెక్క వ్రాయుట, వచ్చినవారికి బదులు చెప్పుట ఆమె పని. ఆ తొలినాళ్లలో అట్టి సంఘములకు చట్టరక్షణ లేదు. నష్టము వచ్చినచో తమ సంసారమే మునుగునని ఆమె భయపడెను. అయినను పెట్టె మూయలేదు. 1906లో క్విబెక్ శాసనసభ సహకార సంఘముల చట్టమును చేసిన పిదప గాని వారికి నిశ్చింత కలుగలేదు. దేశమంతటికి వర్తింపదగిన చట్టము 1908లో పార్లమెంటు ఎగువసభలో ఒక్క ఓటు తేడాతో వీగిపోయెను. డెజార్డిన్ నిరాశ చెందక ఊరూర తిరిగి, 1920లో మరణించునాటికి నూటికి మించిన సంఘముల స్థాపనకు తోడ్పడెను. వాని సమాఖ్య నేడు ఉత్తర అమెరికాలోని ఆర్థిక సహకార సమాఖ్యలలో పెద్దది. ముఖ్యస్థానము నేటికిని లేవీయే. ఆ దంపతుల యిల్లు ప్రదర్శనశాలగా నిలిచియున్నది.

1908 నవంబరులో ఆయన సాయముననే అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున, మాంచెస్టరు పట్టణపు నేతమిల్లు కార్మికులకొరకు ఆ దేశపు మొదటి క్రెడిట్ యూనియన్ వెలసెను. ఆ ఉద్యమమున మరియొక ప్రముఖుడు బోస్టను వర్తకుడు ఎడ్వర్డు ఫైలీన్. ఈయన 1907లో లోకము చుట్టివచ్చుచు మన దేశమునకు వచ్చి, వంగదేశపు పల్లెలలో పరపతి సంఘములను కన్నులార చూచి, ఆ తలంపును తన దేశమునకు గొనిపోయెను. 1934లో అమెరికాలో క్రెడిట్ యూనియన్ల జాతీయ చట్టము వెలువడుటకు ఆయన ధనమును, కృషియు ఎంతయో తోడ్పడినవి. అనగా అమెరికావాడు మన పల్లెను చూచి నేర్చుకొనెను.

మరి మన పల్లె ఏమి చేసినది? చెన్నపురి ప్రభుత్వము పంపగా ఫ్రెడరిక్ నికల్సన్ ఐరోపా సంఘములను పరిశీలించి 1895, 1897 సంవత్సరములలో నివేదికలు సమర్పించెను. రైఫైజన్ వంటి మనిషిని వెదకి పట్టుకొనుటయే ముఖ్యమని ఆయన సారాంశము. మనిషిని వెదకుటకు ముందు 1904లో చట్టము వచ్చెను. లేవీలో సంఘము ముందు, చట్టము వెనుక; మనయొద్ద చట్టము ముందు, సంఘము వెనుక. లేవీలో పొదుపు ముందు, అప్పు వెనుక. మనయొద్ద పైనుండి వచ్చిన సొమ్ము ముందు, పొదుపు వెనుక. ఫలితమేమి? అఖిలభారత గ్రామీణ పరపతి పరిశీలన సంఘము 1954లో ప్రకటించిన లెక్క ప్రకారము, 1951-52లో రైతులు చేసిన ప్రతి నూరు రూపాయల అప్పులో సహకార సంఘముల వంతు సుమారు మూడు రూపాయలు; వడ్డీవ్యాపారుల వంతు సుమారు డెబ్బది. అర్ధశతాబ్ది ప్రయాసకు మూడు రూపాయల ఫలము!

తప్పు సహకార సిద్ధాంతముది కాదు. పైనుండి వచ్చిన సొమ్మును జనులు సర్కారు సొమ్మని తలంచిరి. సర్కారు సొమ్ము తీర్చకున్న పాపమేమి యనుకొనిరి. పొరుగింటి విధవరాలి పది సెంట్లు అందులో కనబడలేదు.

మన నేలమీద వేరు పాదుకొన్న ఉదాహరణములు లేకపోలేదు. 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి గారు నాటి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో స్థాపించిన సహకార గ్రామీణ బ్యాంకు, రైతునకు అప్పుతోపాటు ఎరువును, విత్తనమును ఇచ్చి, పంట కొని, ధాన్యపు మిల్లును నడపి, దేశమంతటి దృష్టిని ఆకర్షించెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిన పిదప, అదే జిల్లాలో పొదుపులక్ష్మి సంఘములు వెలసినవి. దినమునకు ఒక రూపాయి పొదుపు వాని నియమము. లేవీలోని పది సెంట్లకును ఈ రూపాయికిని భేద మెక్కడ? డోరిమేన్ వ్రాసిన లెక్కయే మన అక్కచెల్లెండ్రు కూడ వ్రాసిరి. 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ప్రభుత్వపు వాటాధనము లేక, సభ్యుల సొంత పాలనలో నడచు పరస్పర సహాయ సంఘములకు చట్టము కూడ వచ్చెను.

కావున నేను ఈ సభను వేడునది మూడే మాటలు. మొదటిది: అప్పు కావలసిన నాడు మాత్రమే సంఘపు గడప త్రొక్కువాడు సభ్యుడు కాడు, బేరగాడు. స్వల్పమైనను ప్రతి నెల దాచుకొని, పాసుపుస్తకమున పద్దు వ్రాయించుకొనుడు. రెండవది: ఏడాదికొక మారు జరుగు సర్వసభ్య సమావేశమునకు పోయి, ఆడిటు నివేదిక చదువుమని అడుగుడు, అర్థము కానిచో మరల చదువుమనుడు. అడుగువాడు లేని లెక్క కావలి లేని చేను. సిగ్గుపడవలసినది అడుగుట కాదు, అడుగకుండుట. మూడవది: వాయిదానాడు చెల్లించుడు. పంట పోయిన నాడు దాగికొనక ముందే వచ్చి చెప్పుకొని, గడువు వేడుకొనుడు. చెప్పినవానికి గడువిచ్చుట సంఘపు ధర్మము. చెప్పకుండుట నమ్మిక చంపుట.

లేవీ పట్టణమున జనవరి మంచులో పది సెంట్లు వేసినవానికి తాను చరిత్ర వ్రాయుచున్నానని తెలియదు. వాడు తన పొరుగువానిని నమ్మెను, అంతే. అట్టి నమ్మిక మన యూర లేదని నేననను. అవసరమునకు చేబదులిచ్చుకొను ఇండ్లు ప్రతి వీధిలో ఉన్నవి. ఆ నమ్మికను పద్దుపుస్తకములోని కెక్కించినచో అదియే పరపతి సంఘము. ఆ పుస్తకమున మొదటి పంక్తి మీరు వ్రాయుడు. మొత్తములు వేయుటకు నావంటివారు ఎల్లప్పుడు సిద్ధముగా నుందురు.