చావు ఖర్చు ఎవరి సొమ్ములోంచి పోవాలి?



ఈరోజు మేము చెప్పేది శుభమైన మాట కాదు. అయినా చెప్పక తప్పదు. ఇంట్లో మనిషి పోతే దహనానికో, ఖననానికో, దినాలకో డబ్బు కావాలి. ఆ పూట ఎవరు ఎంత వడ్డీ చెప్పినా ఒప్పుకుంటాం. చెవికమ్మలు కుదవ పెడతాం. తీరా పంపకాల రోజున ఆ ఖర్చు సంగతి ఎవరూ ఎత్తరు. అప్పు మాత్రం ఆడమనిషి నెత్తిన మిగిలిపోతుంది.

చట్టం అలా చెప్పలేదు. 1925 నాటి భారత వారసత్వ చట్టంలో 320వ సెక్షన్ ఉంది. పోయినవారి స్థితికి తగినంత అంత్యక్రియల ఖర్చు, ఆఖరి జబ్బుకు అయిన వైద్యం ఖర్చు, వాళ్లు వదిలిపోయిన సొమ్ములోంచే పోవాలి. అదీ మిగతా అప్పులన్నిటికన్నా ముందు. ముస్లిం కుటుంబాల్లో కూడా ముందు ఖననం ఖర్చు, తర్వాత అప్పులు, ఆ తర్వాతే వాటాలు.

ఒక లెక్క చూద్దాం. ఒకాయన పోయాడనుకోండి. బ్యాంకులో 60,000 ఉంది, వేరే ఆస్తి లేదు. చేబదులు అప్పులు 80,000. అంత్యక్రియలకు, ఆఖరి రోజుల ఆస్పత్రికి కలిపి 25,000 అయింది. ముందు ఈ 25,000 తీసేయాలి. మిగిలిన 35,000 అప్పులవాళ్లకు పోతుంది. ఇంకా తీరని 45,000కు భార్య తాను సంతకం పెట్టి ఉంటే తప్ప తన సొంత సొమ్ము కట్టక్కర్లేదు. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం, మన సంఘం పొదుపు మనవే, ఆయన ఆస్తి కాదు. తాకట్టు పెట్టిన భూమి, ఇల్లు సంగతి మాత్రం వేరు. ఆ అప్పు ఆ ఆస్తి మీదే ఉంటుంది.

ఇంకో మాట. తలకొరివి పెట్టినవాడిదే ఆస్తి అంటారు. అది నిజం కాదు. వీలునామా రాయకుండా పోయిన హిందువు సొంత ఆస్తిలో భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్లకు తలా ఒక సమాన వాటా. ఖర్చు పెట్టినవాళ్లు ఆ ఖర్చు వెనక్కి తీసుకోవచ్చు గానీ, దాని పేరు చెప్పి ఎక్కువ వాటా అడగకూడదు. ఊరంతటికీ పెట్టిన భోజనాల ఖర్చు మొత్తం వస్తుందని కూడా అనుకోవద్దు. తగినంత అన్నదే చట్టం మాట.

అందుకని మనం చేయాల్సినవి నాలుగు.

ఒకటి, కట్టెలు, బండి, పంతులు, ఆస్పత్రి, ఏ ఖర్చయినా ఎవరిచ్చారో పుస్తకంలో రాయాలి. రసీదులు దాచాలి. ఇంట్లోవాళ్లు ఏడుస్తూ ఉంటారు, ఆ పని సంఘం సభ్యులమే చూసుకోవాలి.

రెండు, 21 రోజుల్లోపు మరణం నమోదు చేయించాలి. ఆ సర్టిఫికెట్ లేకపోతే బ్యాంకులో పని జరగదు.

మూడు, బ్యాంకు ఖాతాకు నామినీ పేరు ఇప్పుడే రాయించాలి. నామినీ చేతికి డబ్బు త్వరగా వస్తుంది. అయితే ఆ డబ్బు వారసులందరిదీ, ఖర్చు లెక్క చెప్పాలి.

నాలుగు, 18 నుంచి 50 ఏళ్లలోపు వాళ్లు బ్యాంకులో ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాలో చేరాలి. ఏడాదికి 436 రూపాయలు కడితే, ఆ మనిషి పోతే నామినీకి 2 లక్షలు వస్తుంది. చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాదంలో పోతేనే వర్తిస్తుంది.

వచ్చే మీటింగులో ప్రతి సంఘం ఈ విషయం మాట్లాడాలి. ఎవరి ఖాతాకు నామినీ లేదో చూడాలి. బ్యాంకు డబ్బు వచ్చేదాకా సంఘం పొదుపులోంచి తక్కువ వడ్డీకి అప్పు ఇచ్చేలా తీర్మానం రాసుకుంటే, ఆ పూట ఏ అక్కా వడ్డీ వ్యాపారి గడప తొక్కక్కర్లేదు.