మన ఊరు, వెయ్యి లెక్కలు

ఇందాక లోపలికి వస్తుంటే ఒక పెద్దాయన ఆపి, "2031కి మన వరంగల్ జనాభా ఎంతవుతుంది సార్?" అని అడిగారు. ఒక్క అంకె చెప్పి పంపితే ఆయనకు అన్యాయం చేసినవాణ్ణవుతాను.

2001లో మన నగరం సుమారు 5.3 లక్షలు, 2011లో సుమారు 6.2 లక్షలు. పదేళ్లలో 17 శాతం. అదే వేగమైతే 2031కి ఎనిమిదిన్నర లక్షలకు కాస్త తక్కువ. కానీ 42 గ్రామాలు కలిపాక, ఆ 2011 లెక్కల ప్రకారమే నగరం 8 లక్షలు దాటింది. మనుషులు కదల్లేదు, పొలిమేర కదిలింది. 2021లో జరగాల్సిన జనగణన 2027కి పోయింది కాబట్టి, ఇప్పటికీ జనాభా అంచనాలు వేసే మాకు పునాది ఆ పాత లెక్కే.

మేం చేసేదేమిటంటే, కంప్యూటర్లో ఒక ఊరిని కడతాం. అందులో ప్రతి మనిషికీ ఏటా పాచికలు వేస్తాం: బతికుంటారా, బిడ్డ పుడుతుందా, ఊరు విడుస్తారా? వెయ్యిసార్లు ఆడితే వెయ్యి జవాబులు. అయితే లక్షల మందిలో పాచికల తేడాలు చాలావరకు సర్దుకుపోతాయి. అసలు అనుమానం మేం పెట్టుకున్న రేట్లలోనే ఉంది. అందుకే ఆటఆటకీ రేట్లనూ మారుస్తాం. ఐక్యరాజ్యసమితి కూడా 2022లో, 2100 నాటి ప్రపంచ జనాభా 890 కోట్ల నుంచి 1240 కోట్ల మధ్య ఉండొచ్చని చెప్పింది.

జననాల సంగతి కొంత తెలుసు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలు. తెలియనిది రాకపోకలు. మన నగరంలోని ఈ సుబేదారి చుట్టూ హాస్టళ్లు, అద్దె గదులు చూడండి. యూనివర్సిటీకి, మెడికల్ కాలేజీకి, ఎన్ఐటీకి వచ్చిన ఇరవై ఏళ్ల పిల్లలు చదువవగానే హైదరాబాద్ బస్సెక్కుతారు. వాళ్ల గదుల్లోకి మళ్లీ ఇరవై ఏళ్లవాళ్లే వస్తారు. అజాగ్రత్తగా కట్టిన నమూనా మాత్రం వాళ్లకిక్కడే పెళ్లిళ్లు చేసి, పిల్లల్ని పుట్టించి, లేని పిల్లలకు బళ్లు అడుగుతుంది. విద్యార్థుల్ని వేరే వరసలో లెక్కించకపోతే వెయ్యి ఆటలూ ఒకే తప్పు చేస్తాయి. జవాబుల మధ్య తేడా తక్కువగా కనిపించి, మనల్ని నమ్మిస్తుంది కూడా. నాకు అన్నిటికన్నా భయం అదే.

కాబట్టి పెద్దాయనా, రెండు అంకెలడగండి: కింది అంచు, పై అంచు. బడి గదులు మధ్య అంకెకు కట్టొచ్చు, చాలకపోతే ఇంకో గది వేసుకుంటాం. రోడ్డు కింద వేసే నీళ్ల పైపు మాత్రం పై అంచుకే వేయమనండి.