గుంపులో ఉన్నాడనుకొన్నాము

(రేడియో ప్రసంగ పాఠము)
వాక్యభాగము: లూకా సువార్త 2:41–52

ఇంటి పనుల మధ్య, మగ్గము ముందు, దుకాణములో, ప్రయాణములో ఉండి ఈ మాటలు వింటున్న మీకును, తరువాత పత్రికలో చదువుకొనే మీకును దేవుని సమాధానము కలుగును గాక.

ఈ దినము మనము ధ్యానించే వాక్యభాగము మీకు బాగా తెలిసినదే. యేసుప్రభువుకు 12 సంవత్సరములు. పస్కా పండుగకు యోసేపు, మరియ ఆయనను వెంటబెట్టుకొని నజరేతునుండి యెరూషలేమునకు వెళ్ళారు. ఆ దూరము దాదాపు 100 కిలోమీటర్ల పైన. మన హిందూపురం నుండి బెంగళూరుకు ఉన్నంత దూరమే. మనకు రైలు ఉన్నది, వారు కాలినడకను పోవలసినదే. బంధువులు, ఊరివారు, స్నేహితులు గుంపుగా కలిసి, పాటలు పాడుకొంటూ వెళ్ళేవారు. కీర్తనల గ్రంథములో 120 నుండి 134 వరకు ఉన్న 15 కీర్తనలకు యాత్రకీర్తనలని పేరు. కాబట్టి స్నేహితులతో కలిసి వేరొక పట్టణమునకు పోవుట, దారిలో పాడుట, ఇవి దేవుని ప్రజలకు కొత్త సంగతులు కావు.

పండుగ ముగిసినది. అందరూ తిరుగు ప్రయాణమైనారు. బాలుడైన యేసు యెరూషలేములోనే ఉండిపోయాడు. తల్లిదండ్రులకు తెలియలేదు. గుంపులో ఎక్కడో ఉంటాడులే అనుకొన్నారు. అలా అనుకొని ఒక దినమంతా నడిచారు. ప్రియులారా, ఆ "అనుకొన్నారు" అనే మాట దగ్గర ఈ దినము కొంచెము ఆగుదాము.

నా పరిచర్యలో జరిగిన ఒక సంగతి మీతో చెప్పాలి. ఇది నాకు గౌరవము తెచ్చే సంగతి కాదు. అయినను చెప్పాలి.

2011వ సంవత్సరము. అప్పుడు ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడును అనంతపురం జిల్లాలో ఉండేవి. మా సంఘములో పట్టుచీరలు నేసే ఒక సహోదరుని కుమారుడు ఆరాధనలో గిటారు వాయించేవాడు. కాలేజీలో చదువుకొంటున్నాడు. అక్టోబరు 30, ఆదివారము. ఆ ఉదయము గిటారు ఉన్నది, వాయించే పిల్లవాడు లేడు. ఆరాధన ముగిసిన తరువాత తండ్రి నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, బెంగళూరులో యూత్ కూటానికి మీరు పోలేదా?" అని అడిగాడు.

"ఏ కూటమయ్యా?" అన్నాను.

ఆయన ముఖము మారిపోయింది. "మావోడు తెల్లవారుజామున రైలుకు పోయినాడు గదా అయ్యగారూ. మీరే పంపినారని చెప్పినాడే!"

విచారిస్తే తెలిసింది ఏమనగా, నలుగురు స్నేహితులు కలిసి వెళ్ళారు. ఇద్దరు ధర్మవరం వారు, ఒకడు పెనుకొండలో ఎక్కాడు, ఇంకొకడు హిందూపురంలో ఎక్కాడు. ఒకడు ఇంటిలో స్నేహితుని అక్క పెండ్లి అన్నాడు, ఒకడు పరీక్ష కోచింగు అన్నాడు. మావాడు సంఘము పేరు చెప్పాడు. వెళ్ళినది బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా అనే అమెరికా రాక్ బృందము కచేరీకి. 1981లో ఏర్పడిన ఆ బృందము మన దేశములో మొట్టమొదటిసారిగా వాయించినది ఆ ఆదివారము సాయంకాలమే.

అంతకు ముందు శుక్రవారము, అక్టోబరు 28న, గుర్గావ్‌లో అదే బృందము కచేరీ జరగవలసియుండి ఆఖరు ఘడియలో ఆగిపోయింది. కోపించిన జనము వేదిక మీదికి ఎక్కి సామానులు పగులగొట్టారు. ఆ వార్త నాకు తెలుసు. ఆ సంగతి తండ్రికి చెప్పాలా వద్దా అని ఆ సాయంత్రము నేను పడిన బాధ దేవునికే తెలుసు. పిల్లవానికి ఫోను చేస్తే స్విచ్ ఆఫ్.

ఆ రాత్రి తండ్రియు నేనును ధర్మవరం స్టేషనులో బల్ల మీద కూర్చున్నాము. ఆ సహోదరుడు చాలాసేపు మాటలాడలేదు. తరువాత ఇలా అన్నాడు: "అయ్యగారూ, పడుగులో వేల పోగులుంటాయి. ఒక్క పోగు తెగితే కండ్లు మూసుకొన్నా నా చేతికి తెలుస్తుంది. నా కొడుకు అబద్ధము చెప్తే మాత్రం తెలియలేదు."

అర్ధరాత్రి దాటిన తరువాత వచ్చిన రైలులో రెండవ ధర్మవరం అబ్బాయి ఒక్కడే దిగాడు. పెనుకొండ అబ్బాయి దారిలో దిగిపోయాడు. "మిగతా ఇద్దరేరి?" అంటే వాడు బిత్తరపోయాడు. "బయటికి వచ్చేటప్పుడు జనంలో విడిపోయినాము అయ్యగారూ. వాళ్ళు వేరే పెట్టెలో ఎక్కినారు అనుకొన్నాము" అన్నాడు. గమనించారా ప్రియులారా? రెండువేల సంవత్సరముల క్రితము యెరూషలేము దారిలో యోసేపు మరియలు అనుకొన్న మాటే!

మరునాడు పొద్దెక్కిన తరువాత మావాడు ఒంటరిగా వచ్చాడు. తండ్రి కొట్టలేదు, తిట్టలేదు. "తిన్నావా నాయనా?" అన్నాడు. అంతే. వాడు అక్కడే నిలబడి ఏడ్చాడు.

ఇంతవరకు బాగున్నది. ఆ తరువాత తప్పిపోయినది నేను.

తరువాతి ఆదివారము నేను ప్రకటన గ్రంథము 13:18 తీసికొని, రాక్ సంగీతము మీద గంటసేపు గద్దించాను. మృగము సంఖ్యను ఆల్బమ్ పేరులో పెట్టుకొన్న బృందము కచేరీకి మన పిల్లలు వెళ్ళుచున్నారని కేకలు వేశాను. పేరు చెప్పలేదు గాని సంఘమంతా వాని వైపే తిరిగి చూచినది. తరువాత తెలిసింది, 1982లో ఆ పేరుతో ఆల్బమ్ చేసినది ఐరన్ మెయిడెన్ అనే వేరొక బృందము. వారు అదే ప్యాలెస్ గ్రౌండ్స్‌కు 2007 మార్చిలో వచ్చి వెళ్ళారు. ఎవరు ఎవరో కూడ తెలిసికొనకుండా నేను తీర్పు తీర్చాను. పిల్లవాడు గిటారు సంచిలో పెట్టి, జిప్పు వేసి, వెళ్ళిపోయాడు. మరల రాలేదు.

నాలుగు వారముల తరువాత హిందూపురం అబ్బాయి తల్లి మా ఇల్లు వెదకుకొంటూ వచ్చింది. "అయ్యా, మీ చర్చి పిల్లోడికి నేను రుణపడి ఉన్నాను" అన్నది. ఆ రాత్రి జనములో ఆమె కుమారుడు క్రింద పడ్డాడట. కళ్ళజోడు పోయింది, పర్సు పోయింది, దారి తెలియక ఒక గోడ ప్రక్కన కూర్చుండిపోయాడట. మావాడు రైలు పోయినా సరే అని వెనుకకు వెళ్ళి, గేటు గేటుకు వెదకి, వానిని కనుగొని, రాత్రంతా స్టేషనులో ప్రక్కన కూర్చొని, ఉదయము హిందూపురంలో తల్లికి అప్పగించి, అప్పుడు ఇంటికి వచ్చాడు.

తప్పిపోయిన గొఱ్ఱెను వెదకుట గురించి ఎన్నో ప్రసంగములు చేసినవాడను నేను. వెదకినవాడు ఆ పిల్లవాడు. "ఎందుకు ఆలస్యమైనది బాబూ?" అని నేను ఒక్క ప్రశ్న అడిగియుంటే వాడు చెప్పియుండేవాడు.

ప్రియులారా, ఇందులో మూడు సంగతులు నేర్చుకొందాము.

మొదటిగా, యౌవనస్థులకు. తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, వాయిద్యము పాపము కాదు. 150వ కీర్తన చూడండి, ఎన్ని వాయిద్యముల పేర్లు ఉన్నవో! అయితే ఏ గుంపులో నిలబడుచున్నామో, ఎందుకు నిలబడుచున్నామో తెలిసియుండాలి. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయములో ఎఫెసు జనము నాటకశాలలోనికి పరుగెత్తి, రెండు గంటలసేపు ఒకే కేక వేసినది. వారిలో ఎక్కువమందికి తాము ఎందుకు కూడివచ్చారో తెలియదని లూకా వ్రాశాడు. గుంపు మన గొంతు తీసికొంటుంది, మనస్సును కూడ తీసికొననియ్యకండి. మరొకటి. పోయే చోటు పేరు ఇంటిలో చెప్పలేకపోతే, ఆ ప్రయాణము అక్కడే ఆపండి. ముఖ్యముగా అబద్ధమునకు దేవుని ఇంటి పేరు కప్పకండి. వెళ్ళినప్పుడు ఎవరితో వెళ్ళుచున్నారో, ఏ రైలుకు వస్తారో చెప్పండి. విడిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకొనండి. నలుగురు వెళ్ళితే నలుగురు కలిసి రండి.

రెండవదిగా, తల్లిదండ్రులకు. మన పిల్లలు బెంగళూరుకు చదువుకు పోతారు, ఉద్యోగమునకు పోతారు, పాటలకు పోతారు. రైలు ఎక్కితే చాలు, ఆపలేము. ఆదివారము గుడిలో కనబడుచున్నాడు గదా, వాడు మన గుంపులోనే ఉన్నాడు అని అనుకోకండి. యోసేపు మరియలు ఒక దినము పొరబడినారు గాని, తెలిసిన వెంటనే వెనుకకు తిరిగారు. మూడు దినములైన తరువాత దేవాలయములో ఆయనను కనుగొన్నారు. మరియ ఏమి చేసినది? ఎందుకు ఇలా చేశావని అడిగినది, తమ వేదన చెప్పుకొన్నది. ఆయన చెప్పిన జవాబు ఆ తల్లిదండ్రులకు అర్థము కాలేదు. అయినను ఆమె ఆ సంగతులన్నిటిని హృదయములో భద్రము చేసికొన్నది. మన ప్రభువులో ఏ పాపమును లేదు. మన పిల్లల సంగతి వేరు, వారు తప్పుచేస్తారు. కాని అడుగుట, వినుట, అర్థముకానిదానిని హృదయములో ఉంచుకొనుట, ఈ మూడును ఆ తల్లి దగ్గర నేర్చుకొనవలెను.

మూడవదిగా, సంఘపెద్దలకు, నావంటి సేవకులకు. ఎమ్మాయు మార్గములో ఇద్దరు స్నేహితులు దుఃఖముతో నడుచుచుండగా, ప్రభువు వచ్చి ప్రక్కన నడిచాడు. దాదాపు 11 కిలోమీటర్ల దారి. ఆయన మొదట చేసినది ప్రసంగము కాదు, ప్రశ్న. మీరు దేనిని గురించి మాటలాడుకొనుచున్నారని అడిగాడు, చెప్పనిచ్చాడు, విన్నాడు. గద్దింపు కూడ ఉన్నది, కాని అది విన్న తరువాతనే. నేను వరుస తప్పాను.

ఆ తల్లి వెళ్ళిన సాయంకాలమే నేను ఆ ఇంటికి పోయి, మగ్గము ప్రక్కన కూర్చొని, తండ్రి ఎదుట ఆ పిల్లవానిని క్షమాపణ అడిగాను. వాడు తల వంచుకొని, "నేను కూటమని చెప్పింది తప్పే అయ్యగారూ" అన్నాడు. ఆ మరుసటి ఆదివారమే వచ్చాడని నేను మీకు చెప్పగలిగితే బాగుండేది. రాలేదు. గిటారు రెండు సంవత్సరములు సంచిలోనే ఉండినది. మాట తెగినంత త్వరగా అతుకు పడదు, నేతపని తెలిసినవారికి ఇది తెలుసు. మూడవ సంవత్సరము క్రిస్మస్ ముందు ఒక రాత్రి వచ్చి, పిల్లల పాటలకు ఎవరు వాయిస్తున్నారని అడిగాడు. ఎవరూ లేరని చెప్పాను. సంచి విప్పాడు. ప్రభువుకు స్తోత్రము.

ఈ మాటలు వింటున్న మీలో ఎవరి ఇంటిలోనైనా అటువంటి సంచి మూలనున్నదేమో. గుంపులో ఉన్నాడనుకొని ఎంత దూరము నడిచివచ్చారో ఈ రాత్రి ఆలోచించండి. వెనుకకు తిరగండి. ఒక ప్రశ్న అడగండి. జవాబు వినండి.

ప్రార్థన చేసికొందాము. పరలోకపు తండ్రీ, మా పిల్లలను నీ చేతికి అప్పగించుచున్నాము. వారు పోయే ప్రతి పట్టణములో నీవు వారితో నడువుము. వారి నోట సత్యము ఉంచుము. వినే చెవులు మాకు దయచేయుము. మేము తొందరపడి గాయపరచిన యౌవనస్థుల యొద్దకు మమ్మును తిరిగి నడిపించుము. తప్పిపోయిన మమ్మును వెదకి వచ్చిన యేసుక్రీస్తు నామములో అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.