కాంబోడియాలో భీమ దుర్యోధనులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



గదాయుద్ధ కథ తెలియనివారు ఈ సభలో ఉండరు. ఈ జిల్లాలోని బోధనే నాటి ఏకచక్రపురమనియు, భీముడు బకాసురుని వధించినది అచ్చటనే యనియు జనులు చెప్పుకొందురు. ఆ భీముడే సముద్రమునకు ఆవల కాంబోడియా దేశమున రాతి విగ్రహమై వెలసెను.

క్రీ.శ. 928 నుండి 941 వరకు ఖ్మేరు రాజగు నాల్గవ జయవర్మకు కోకేరు నగరము రాజధాని. సముద్ర వర్తకుల వెంటను, బ్రాహ్మణుల వెంటను రామాయణ భారతములు అంతకు ఎంతో పూర్వమే ఆ దేశము చేరెను. కోకేరులోని ప్రాసాత్ చెన్ అను విష్ణ్వాలయమున శిల్పులు ఆ గదాయుద్ధమును ఇసుకరాతితో మలచిరి. అవి గోడపై చెక్కిన బొమ్మలు కావు. నలువైపుల నుండి చూడదగిన నిండు విగ్రహములు. దుర్యోధనుడు ఎగిరి వ్రేటు వేయబోవుచున్నాడు. భీముడు ఎదురు నిలిచినాడు. బలరాముడును, పాండవులును చుట్టునుండి చూచుచున్నారు. తిక్కన సోమయాజి ఈ ఘట్టమును తెలుగున రచించుటకు సుమారు మూడువందల యేండ్ల ముందటి పని యిది.

1970 తరువాత ఆ దేశమున అంతర్యుద్ధము సాగుచుండగా దొంగలు ఈ విగ్రహములను చీలమండల యొద్ద విరిచి విదేశములకు అమ్మివేసిరి. పాదములు మాత్రము పీఠములపై మిగిలెను. 2011లో న్యూయార్కు నగరమున దుర్యోధనుని విగ్రహము వేలమునకు వచ్చినప్పుడు కాంబోడియా ప్రభుత్వము అడ్డుచెప్పెను. విగ్రహము ఆ పాదములకు చెందినదే యని పండితులు చూపిరి. వ్యవహారము న్యాయస్థానమునకు పోయి, 2013లో రాజీ కుదిరెను. 2014 జూన్ నెలలో దుర్యోధనుడును, కాలిఫోర్నియాలోని మ్యూజియమున ఉన్న భీముడును, మరియొకచోట నున్న బలరాముడును కలిసి స్వదేశము చేరిరి.

ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. పనికిరాని రాళ్లని ఎవరైనను ఆ పీఠములను తొలగించి యున్నచో, సాక్ష్యము నశించి యుండెడిది. పల్లెలలో పసుపు చేను దున్నునప్పుడో, చెరువు పూడిక తీయునప్పుడో విగ్రహము బయటపడుట కలదు. విరిగినదానికి పూజ లేదని దానిని గట్టున పడవేయుటయు కలదు. అట్టి రాయి ఎచ్చట, ఎప్పుడు దొరకినదో, దాని కొలత లెంతో గ్రంథాలయమున ఒక పుస్తకములో వ్రాసి, ఛాయాచిత్రము తీసి యుంచి, పురావస్తు శాఖవారికి తెలుపవలెను. విగ్రహము దొంగల పాలైనను, అది ఈ ఊరిదే యని నిరూపించుటకు ఆ పుస్తకము చాలును. గ్రంథాలయ సభ్యులు రజతోత్సవ సంవత్సరముననే ఈ పని ఆరంభింతురుగాక.