తొలగించిన మందు ఎక్కడికి పోయింది?



అప్పట్లో సుమారు 90 మందుల పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధిచేసిన పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు 2007లో ఒక పరిశోధన వెల్లడించింది. సూక్ష్మజీవులపై ఆధారపడే మామూలు శుద్ధి, ఆ జీవులను చంపడానికే తయారైన పదార్థం ముందు చాలదు గనుక, ఋణ అయాన్ వినిమయ రెజిన్ల వంటి పద్ధతులపై పరిశోధకుల దృష్టి పడింది.

ఈ రెజిన్లు ధనావేశాన్ని తమలో స్థిరంగా నిలుపుకొని, దానికి జతగా క్లోరైడ్ అయాన్లను పట్టి ఉంచే పాలీస్టైరీన్ పూసలు. ఉదాహరణకు, నొప్పులకు వాడే డైక్లోఫినాక్ సాధారణ నీటిలో ఋణావేశం పొందుతుంది కాబట్టి, క్లోరైడ్‌ను తప్పించి ఆ చోట తాను చేరుతుంది. మూర్ఛకు వాడే కార్బమజెపీన్‌కు ఆవేశం లేనందున ఈ పట్టుకు అంతగా చిక్కదు. నీటిలో సహజంగా ఉండే సల్ఫేట్, నైట్రేట్, కుళ్లిన ఆకుల నుంచి వచ్చే సేంద్రియ పదార్థం కూడా అవే స్థానాలకు పోటీపడతాయి.

పూసలు నిండాక గాఢమైన ఉప్పునీటితో కడిగి, వాటిని తిరిగి వాడుకలోకి తెస్తారు. దీనికే పునరుత్పత్తి అని పేరు. డైక్లోఫినాక్ అణువులోని వలయాలు పాలీస్టైరీన్‌ను కూడా అంటిపెట్టుకొంటాయి గనుక ఒక్కొక్కప్పుడు ఉప్పుకు ఆల్కహాల్ కలపవలసి వస్తుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. పెద్ద ప్రవాహంలో పలచగా ఉన్న మందు ఇప్పుడు చిన్న తొట్టెలో చిక్కగా చేరింది; దాన్ని మురుగుకాలువలోకి వదిలితే తొలగింపు అంతా వృథాయే. వృత్తిజీవితమంతా రెజిన్ పూసలు నింపిన స్తంభాల మధ్య గడిపిన ఈ వక్త చదివిన నివేదికలలో శుద్ధమైన నీటికి పుటలకు పుటలు, ఆ ఉప్పునీటికి ఒక్క వాక్యం కనబడడం పరిపాటి. పదార్థ సమతుల్యత లెక్కలలో మంచి మార్కులు తెచ్చుకొన్న పిల్లలే, ఉద్యోగంలో చేరగానే స్తంభం అడుగున పట్టిన నమూనాతో లెక్క ముగించడం ఎంతమాత్రం తగదు; చదివింది పరీక్షకేనా అని వారిని గట్టిగా మందలించవలసిందే.

ఉప్పునీటిలో చేరిన ఆ మందును ఓజోన్‌తోనో విద్యుత్తుతోనో విచ్ఛిన్నం చేయవచ్చు. అయితే ఉప్పులోని క్లోరైడ్ వల్ల హానికరమైన క్లోరిన్ సమ్మేళనాలు పుట్టే అవకాశం ఉన్నందున ఆ పనికీ పరీక్ష అవసరం. నేటి పట్టభద్రులు ఏ శుద్ధి నివేదికపైనైనా సంతకం చేసేముందు ఉప్పునీటి తొట్టె నమూనా ఫలితాన్ని కూడా అడిగి తెప్పించుకోవాలని మనవి.