బీరువాలో సర్టిఫికెట్లు, వార్డులో శ్రమ
(చిక్కడపల్లిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న చోటికి నడిచివెళ్ళే దూరంలోనే అశోక్‌నగర్ హాస్టళ్ళున్నాయి. ఉద్యోగ పరీక్షలకి చదివే అమ్మాయిలు ఇరుకు గదుల్లో సర్దుకుంటూ, పొద్దున్నే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ కోసం పరిగెడతారు. వాళ్ళలో నర్సింగ్ చదివినవాళ్ళూ ఉన్నారు. తెలంగాణలో 2023 ఆగస్టులో స్టాఫ్ నర్సుల పరీక్ష జరిగింది. 2024 జనవరి 31న దాదాపు 7 వేల మంది నియామక పత్రాలు అందుకున్నారు.

నాకు పరిచయమైన ఒక అమ్మాయి ఆ పరీక్షకి దరఖాస్తే పెట్టలేకపోయింది. కూలి పని చేసుకునే కుటుంబం. మూడేళ్ళ జీఎన్ఎం పూర్తి చేసింది. దరఖాస్తుకి నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కావాలి. రిజిస్ట్రేషన్‌కి ఒరిజినల్ సర్టిఫికెట్లు కావాలి. అవి కాలేజీ బీరువాలో ఉన్నాయి. "మీ ఫీజు ప్రభుత్వం నుంచి రాలేదు, కట్టి తీసుకుపొమ్మ"న్నారు. ఆమె ఇప్పుడు నారాయణగూడ వైపు ఒక నర్సింగ్ హోంలో రాత్రి డ్యూటీ చేస్తోంది. పని స్టాఫ్ నర్సుది, జీతం ట్రైనీది.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌ని నేను తక్కువ చెయ్యడం లేదు. 2008-09లో ఉమ్మడి రాష్ట్రంలో ఈ పథకం రాకపోతే, ఎన్నో దళిత, ఆదివాసీ, బీసీ, ముస్లిం కుటుంబాల ఆడపిల్లలు కాలేజీ గడప తొక్కేవాళ్ళు కాదు. కానీ బకాయి పడినప్పుడు ఏం జరుగుతోంది? ప్రభుత్వానికి వాయిదా వేసే శక్తి ఉంది. యాజమాన్యాలకి బంద్ చేసే శక్తి ఉంది. 2025 నవంబరులో బకాయిల కోసం ప్రైవేటు కళాశాలలు మూతపడ్డాయి కూడా. ఈ ఇద్దరి తగాదాలో తాకట్టు పడేది మాత్రం అమ్మాయి సర్టిఫికెట్లే.

బ్యాంకు అప్పు తీసుకోవచ్చు కదా అంటారు. 4 లక్షల దాకా ఆస్తి హామీ అక్కర్లేదు. ఏడాదికి 4.5 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకి, చదువు కాలానికీ ఆపైన ఏడాదికీ వడ్డీ కేంద్రమే భరించే పథకం 2009-10లో వచ్చింది. తర్వాత? వాయిదా మొదలవుతుంది, కానీ చేతిలో రిజిస్ట్రేషన్ ఉండదు. పైగా తల్లో తండ్రో సహరుణగ్రహీతగా సంతకం పెట్టాలి. కొడుకు చదువుకి అప్పు పెట్టుబడి. కూతురి చదువుకి చేస్తే "అత్తారింటికి పోయే పిల్లకి అప్పెందుకు" అన్న ప్రశ్న. ఇంట్లో ఎదురయ్యే ఈ ప్రశ్నని కూడా మనం లెక్కలో వెయ్యాలి.

ఇంకొక లెక్క ఎవరూ వెయ్యడం లేదు. శిక్షణలో ఉన్న అమ్మాయి వార్డులో పడకలు సర్దుతుంది, బీపీ చూస్తుంది, రాత్రుళ్ళు మేలుకుంటుంది. ఇది శ్రమ. ప్రభుత్వ నర్సింగ్ విద్యార్థుల విషయంలో ఈ సంగతి కొంతైనా గుర్తించారు. 2021 డిసెంబరులో మొదటి ఏడాది స్టైపెండ్‌ని 1,500 నుంచి 5,000 రూపాయలకి పెంచారు. ప్రైవేటులో చదివే అమ్మాయికి ఆ ఉత్తర్వు వర్తించదు. అదే పని చేస్తూ ఆమె ఎదురు ఫీజు కడుతోంది. "సేవ" అనే గొప్ప మాట చాటున స్త్రీల శ్రమకి ధర కట్టకుండా తప్పించుకోవడం మనకి కొత్త కాదు.

2011లో కేరళ, ముంబై, ఢిల్లీ నర్సులు బాండు పద్ధతికి ఎదురుతిరిగారు. అప్పుడు కూడా సర్టిఫికెట్లు ఆపడమే యాజమాన్యాల చేతిలో ఆయుధం. ఒరిజినల్స్ ఉంచుకోకూడదని 2018 అక్టోబరులో యూజీసీ చెప్పింది. అది విశ్వవిద్యాలయాలకీ, వాటి అనుబంధ కళాశాలలకీ వర్తిస్తుంది. జీఎన్ఎం డిప్లొమా స్కూళ్ళు ఆ పరిధిలోకి రావు. అతి పేద పిల్లలు చేరేది అక్కడే.

అందుకే మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. బకాయి ఎవరిదైనా సర్టిఫికెట్లు విద్యార్థినికి ఇచ్చెయ్యాలి. ఆ నియమం డిప్లొమా స్కూళ్ళకీ ఉండాలి. వార్డు డ్యూటీ చేసే ప్రతి విద్యార్థినికీ స్టైపెండ్ ఇవ్వాలి. అప్పు వాయిదాలు రిజిస్ట్రేషన్ వచ్చాకే మొదలవ్వాలి.

ఈలోగా మనం చెయ్యగలిగిందొకటుంది. ఆ బీరువా ముందుకి అమ్మాయి ఒక్కతే వెళ్తే "రేపు రా" అంటారు. రాతపూర్వకంగా అడుగుతూ, మనం నలుగురం ఆమె పక్కన నిలబడదాం.