ఒకే కంప్యూటరులో రెండు వ్యవస్థలు: చోటు పంచుకొనే పద్ధతి

(దాదర్ ప్రాంతపు తెలుగు కుటుంబాలను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



చోటు విలువ ముంబయి తెలుగువారికి ఒకరు చెప్పవలసిన విషయం కాదు. నిజాం రాజ్యపు తెలుగు జిల్లాల నుంచి కట్టడపు పనులకు వచ్చిన కామాఠీల పేరు మీదనే కామాఠిపురా వెలసింది. ఆ తరువాత బట్టల మిల్లులలో పనికి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు మధ్య ముంబయి చాళ్లలో స్థిరపడ్డాయి. బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ 1920లలో వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్, శివ్‌డీలలో కట్టించిన 207 చాళ్లలో ఒక్కొక్క కుటుంబానికి దక్కినది 160 చదరపు అడుగుల గది. వంట, పడక, పిల్లల చదువు, చుట్టాల బస అన్నీ ఆ గదిలోనే. పెట్టెలు, పండుగ సామాను అటక మీద. ఏ వస్తువు ఎక్కడ ఉండాలో ముందుగా నిర్ణయించుకోని ఇల్లు ఆ గదిలో నడవదు. కంప్యూటరు డిస్కు విషయంలోనూ ఈ వివేకమే కావాలి.

ఈ ప్రస్తావన ఇప్పుడు అవసరమైనందుకు కారణం ఉన్నది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇస్తూ వచ్చిన సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 రావాలంటే యంత్రంలో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, 4 జీబీ మెమరీ, 64 జీబీ డిస్కు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరు అయితే సాధారణంగా 8వ తరానిదో, ఆపైదో కావాలి. కొడుకు కళాశాలలో చేరినప్పుడు పాతది కొని తెచ్చిన ల్యాప్‌టాప్ అనేక ఇళ్లలో ఈ పరీక్షలో నెగ్గదు. యంత్రం నడుస్తూనే ఉంటుంది. దానికి భద్రతా నవీకరణలు మాత్రం రావు. ఆ యంత్రంలోనే బ్యాంకు లావాదేవీలు, పిల్లల దరఖాస్తులు, చాలు పునర్నిర్మాణానికి కావలసిన అద్దె రసీదుల ప్రతులు ఉంటాయి. కనుక ఇది కేవలం సాంకేతికమైన ముచ్చట కాదు.

అటువంటి కుటుంబం ముందు మూడు దారులున్నాయి. మొదటిది, మైక్రోసాఫ్ట్ ప్రకటించిన అదనపు భద్రతా నవీకరణల పథకంలో నమోదై 2026 అక్టోబరు 13 వరకు గడుపుకోవడం. రెండవది, కొత్త యంత్రం కొనడం. మూడవది, ఉన్న యంత్రంలోనే విండోస్ పక్కన లినక్స్‌ను నిలపడం. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ ఆధారంగా ఉబుంటు, లినక్స్ మింట్ వంటి వ్యవస్థలు ఉచితంగా లభిస్తున్నాయి. ఇంటర్నెట్, బ్యాంకు, ఉత్తరాలు లినక్స్‌లో. విండోస్ లేనిదే నడవని ట్యాలీ వంటి పనులు మాత్రం విండోస్‌లో. ఈ ఏర్పాటులో ఒక వేళకు ఒక్క వ్యవస్థే మేలుకొని ఉంటుంది. మీట నొక్కగానే గ్రబ్ అనే చిన్న ప్రోగ్రాము ద్వారపాలకునివలె ఎదురై, ఏ వ్యవస్థ కావాలని అడుగుతుంది. ఒకటి నడుస్తున్నంతసేపు రెండవది నిద్రలో ఉంటుంది కనుక మెమరీ మొత్తం మొదటిదానికే దక్కుతుంది. పాత యంత్రానికి ఇది మేలు.

ఇక లెక్క. 256 జీబీ అని పెట్టె మీద అచ్చువేసిన డిస్కు విండోస్‌లో 238 జీబీగానే కనిపిస్తుంది. ఇందులో మోసం లేదు. తయారీదారు జీబీ అంటే వంద కోట్ల బైట్లు. విండోస్ 1024ను మూడుసార్లు గుణించిన సంఖ్యను జీబీ అంటుంది. అదే లెక్కన 512 జీబీ డిస్కు 476గా, ఒక టీబీ డిస్కు 931గా కనిపిస్తుంది. పంపకం ఈ రెండవ సంఖ్య మీదనే జరగాలి.

238 జీబీ గల డిస్కును ఇలా పంచవచ్చు. విండోస్‌కు, దాని ప్రోగ్రాములకు 115. లినక్స్‌కు 50, ఉబుంటు 25, మింట్ 20 జీబీలను కనీసంగా అడుగుతాయి గాని, కనీసపు చోటుతో కాపురం ఇరుకే. రెండు వ్యవస్థలూ తెరిచి చూడగల ఉమ్మడి భాగానికి 70. ఫోటోలు, పత్రాలు, పాటలు అందులో ఉంటాయి. మిగిలిన రెండు మూడు జీబీలు యంత్రం తన అవసరాలకు దాచుకొన్న చిన్న భాగాలవి. వాటి జోలికి పోరాదు. ఉమ్మడి భాగం అవసరమెందుకంటే, లినక్స్ విండోస్ భాగాన్ని చదవగలదు గాని, లినక్స్ వాడే ఎక్స్‌ట్4 పద్ధతి భాగాన్ని విండోస్ తనంతట తాను చదవలేదు. ఉమ్మడి వస్తువులను ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలోని వేరు భాగంలో ఉంచితే ఎవరి గది తలుపూ తట్టనక్కరలేదు.

పంపకానికి ముందు ఇల్లు సర్దాలి. చోటును మింగేది ఏదో తెలుసుకోవాలి. యూనికోడ్‌లో తెలుగు అక్షరపు ఒక్కొక్క గుర్తు మూడు బైట్లు తీసుకొంటుంది. అయినా మూడు వందల పుటల తెలుగు నవల పాఠం రెండు ఎంబీలు దాటదు. ఫోనులో తీసిన ఒక్క నిమిషం వీడియో సుమారు 100 ఎంబీలు. అనగా ఇంట జరిగిన ఒక పెళ్లి వీడియో ఆక్రమించిన చోటులో ఒక గ్రంథాలయమే పడుతుంది. కనుక పత్రాలను తుడిచివేసి చోటు సంపాదించాలనుకోవడం వృథా శ్రమ. వీడియోలను, డౌన్‌లోడ్స్ సంచిలో పేరుకొన్న పాత ఫైళ్లను, చెత్తబుట్టను చూడాలి. విండోస్ సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ పుట ఏది ఎంత ఆక్రమించిందో చూపుతుంది. విండోస్ నిద్రావస్థ కోసం ఉంచుకొనే దాపుడు ఫైలు సాధారణంగా మెమరీలో నలభై శాతం ఉంటుంది. 8 జీబీ మెమరీ గల యంత్రంలో అది మూడు జీబీలకు పైమాటే.

సర్దిన తరువాత, పంచేముందు, అతి ముఖ్యమైన పని ఒకటున్నది. అద్దె రసీదులు, కరెంటు బిల్లులు, రేషన్ కార్డు, జనన ధ్రువపత్రాలు, తాతల కాలపు మిల్లు కాగితాల ప్రతులు, ఇక లేనివారి ఫోటోలు — వీటిని బయటి డిస్కులోనో పెన్‌డ్రైవ్‌లోనో నకలు తీయాలి. ఒక నకలు ఇంట, మరొకటి వేరు చోట. ఊరిలోని అన్నదమ్ముల ఇంట ఉంచినా మంచిదే. 160 చదరపు అడుగుల గదికి మారుగా 500 చదరపు అడుగుల ఇల్లు దక్కడం ఇంటి హక్కును చూపే కాగితాల మీద ఆధారపడి ఉన్న కాలమిది. మూలపత్రం ట్రంకుపెట్టెలో తడిసిపోయిన ఇంట స్కాను చేసిన ప్రతి ఒక్కటే ఆనవాలుగా మిగులుతుంది. ఆ ప్రతి ఒకే డిస్కులో ఉండగా ఆ డిస్కును చీల్చడానికి పూనుకోవడం సాహసం కాదు, అవివేకం. తీసిన నకలును మరొక యంత్రంలో తెరిచి చూసిన తరువాతనే నకలు ఉన్నదని లెక్క.

డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉన్నదేమో కూడా చూడాలి. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ తాళం యజమాని ఎరుక లేకుండానే పడి ఉండవచ్చు. యంత్రం ఆరంభమయ్యే తీరు మారితే విండోస్ 48 అంకెల తాళపుసంఖ్య అడుగుతుంది. అది లేకుంటే లోపలి వస్తువులు అందవు. మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ సంఖ్యను కాగితం మీద వ్రాసి దాచుకోవాలి.

ఇప్పుడు పని క్రమం. విండోస్ ముందు, లినక్స్ తరువాత. ఇది తప్పరాని వరుస. విండోస్‌ను తరువాత స్థాపిస్తే అది ఆరంభ ద్వారాన్ని తన వశం చేసుకొంటుంది. విండోస్ భాగాన్ని విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ ద్వారానే కుదించాలి. అక్కడ కుదించవలసిన చోటును ఎంబీలలో అడుగుతుంది. 120 జీబీలు కావాలంటే 1,22,880 అని వ్రాయాలి. ఎంతో ఖాళీ ఉన్నా కొద్దిగానే కుదురుతుందని అది చెప్పవచ్చు. కదలని ఫైళ్లు భాగం నడుమ కూర్చొని ఉండడమే కారణం. నిద్రావస్థను, సిస్టమ్ రిస్టోర్‌ను, పేజింగ్ ఫైలును తాత్కాలికంగా ఆపి మళ్లీ ప్రయత్నిస్తే సాధారణంగా దారి దొరుకుతుంది. దక్కిన 120లో 70 జీబీలకు ఉమ్మడి భాగం అక్కడే ఏర్పరచి, 50 జీబీలను ఖాళీగా విడవాలి.

తరువాత ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయాన్ని ఆపివేయాలి. అది ఉన్నంతవరకు విండోస్ ఆగినట్లు కనిపించినా నిజంగా ఆగదు. సగం నిద్రలో ఉండి తన ఫైళ్లను పట్టుకొని ఉంటుంది. అప్పుడు లినక్స్ వాటి మీద వ్రాస్తే ఫైళ్లు చెడే ప్రమాదం ఉన్నది.

లినక్స్‌ను 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, స్థాపించకుండానే నడిపి చూడవచ్చు. ఒక సాయంకాలం అలా చూసి వైఫై, శబ్దం, ప్రింటరు పనిచేస్తున్నాయో లేదో తెలుసుకొన్న పిమ్మటనే స్థాపనకు దిగడం ఉచితం. స్థాపన సమయంలో వచ్చే ప్రశ్నలలో ప్రాణాంతకమైనది ఒక్కటే. ఎరేజ్ డిస్క్ అన్న ఎంపిక డిస్కు మొత్తాన్ని తుడిచివేస్తుంది. దానిని ముట్టరాదు. ఖాళీగా విడిచిన 50 జీబీలనే వాడుతున్నదని తెర మీద చూసి నిర్ధారించుకోవాలి. సందేహం కలిగితే చివరి అంగీకారం ఇవ్వకుండా వెనుకకు రావాలి; తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకొని మరునాడు చేసినా నష్టం లేదు.

కాపురం మొదలైన తరువాత ఒక చిన్న కలహం రావచ్చు. విండోస్‌లో గడియారం ఐదున్నర గంటలు వెనుకబడవచ్చు. యంత్రపు గడియారంలో స్థానిక సమయం ఉన్నదని విండోస్ భావిస్తుంది, విశ్వ సమయం ఉన్నదని లినక్స్ భావిస్తుంది. మన దేశ సమయానికి, విశ్వ సమయానికి తేడా ఐదున్నర గంటలే. గడియారాన్ని స్థానిక సమయంలో ఉంచుమని లినక్స్ అమరికలో ఒక్కసారి చెబితే కలహం తీరుతుంది. యంత్రం చెడిందని భయపడి దుకాణానికి డబ్బు పోయనక్కరలేదు.

లినక్స్‌లో తెలుగు మాటేమిటన్న ప్రశ్న సహజం. తెలుగు అక్షరాలు చూడడానికి, టైపు చేయడానికి అందులో ఏ లోటూ లేదు. ఐబస్ అనే సాధనం ద్వారా ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును గాని, ఆంగ్లాక్షరాలతో తెలుగు వ్రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని గాని ఎంచుకోవచ్చు. ఆ ఆర్‌టీఎస్ అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగువారే రూపొందించినది. పేరులోని మొదటి అక్షరం ఆ విద్యాలయానిదే. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ కంప్యూటరు తెర మీది మాటలను తెలుగులోకి తెచ్చే కృషి చేసింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ రూపొందించిన బాస్ వ్యవస్థ కూడా తెలుగుతో సహా భారతీయ భాషలకు చోటిచ్చింది. ముంబయి నగరపాలక సంస్థ నడిపే తెలుగు మాధ్యమ పాఠశాలల పిల్లలకు బళ్లో దిద్దిన అక్షరాలే ఇంటి తెర మీద కనిపించడం చిన్న విషయం కాదు.

స్థాపనతో పని ముగియదు. లినక్స్ భాగం పూర్తిగా నిండితే లోపలికి ప్రవేశించడమే కష్టం కావచ్చు. కనుక ప్రతి భాగంలోనూ ఐదింట ఒక వంతు ఖాళీగా ఉంచడం మంచి అలవాటు. నెలకొకసారి పాత కెర్నెళ్లను, దింపుకొన్న పాత ప్యాకేజీలను తొలగించాలి. లినక్స్ వద్దనుకొన్న నాడు దాని భాగాన్ని తొందరపడి చెరిపివేయరాదు. ద్వారపాలకుడు దిక్కుతోచక నిలిచిపోయి విండోస్ కూడా రాకపోవచ్చు. ముందుగా విండోస్ నేరుగా వచ్చేలా ఆరంభ క్రమాన్ని మార్చి, ఆ తరువాతనే చెరపాలి.

ఈ ఏర్పాటు అందరికీ తగదు. డిస్కు 128 జీబీ లేక అంతకంటే తక్కువైతే రెండు వ్యవస్థలూ ఊపిరాడక బాధపడతాయి; అక్కడ లినక్స్ ఒక్కదానినే ఉంచడమో, డిస్కు మార్చడమో మేలు. శబ్దం చేస్తున్న పాత హార్డ్ డిస్కు, తాళపుసంఖ్య దొరకని బిట్‌లాకర్ డిస్కు ఈ పనికి పనికిరావు. ఇంట్లో పరీక్షలో, దరఖాస్తు గడువో దగ్గరపడిన వారంలో ఎవరూ దీనికి పూనుకోరాదు. తక్కినవారు తొందరలేని ఒక ఆదివారం చూసుకొని, నకళ్లు తీసిన తరువాత మొదలుపెట్టవచ్చు. నకలు తీయడం మాత్రం రెండవ వ్యవస్థ పెట్టుకొనేవారికీ, పెట్టుకోనివారికీ సమానంగా వర్తించే కర్తవ్యం. దానిని ఈ వారంలోనే ముగించుకోవడం ప్రతి ఇంటికీ క్షేమం.